రైలు విడిచిన కొండ దారి సైకిలుకు దక్కేనా?

భారతీయ రైల్వేల గేజి మార్పిడి పథకం మూడు దశాబ్దాలు దాటి ముగింపు దశకు చేరుకుంది. 1992లో ‘యూనిగేజి’ పేరిట ఈ పథకాన్ని చేపట్టేనాటికి దేశంలో దాదాపు 23 వేల కిలోమీటర్ల మీటరుగేజి మార్గం ఉండేది. నేడు మిగిలింది అందులో సుమారు ఇరవయ్యో వంతు మాత్రమే. సరుకును ఒక గేజి నుంచి దించి మరో గేజికి ఎక్కించే అవస్థ తప్పింది. మారుమూల జిల్లాలకు దూరప్రాంత రైళ్లు వచ్చాయి. ఈ ప్రయోజనాలను ఎవరూ కాదనలేరు.

అయితే ఈ పథకం తన వెనుక వదలివెళ్లిన ఆస్తి ఒకటి ఉంది. మైదానాల్లో పాత కట్టమీదే కొత్త పట్టాలు పడ్డాయి. కొండల్లో అది అన్నిచోట్లా సాధ్యపడలేదు. పదునైన మలుపులు, ఇరుకు సొరంగాలు, ఎక్కువ వాలు బ్రాడ్‌గేజికి పనికిరాక పలుచోట్ల కొత్త మార్గాన్ని వేయవలసి వచ్చింది. ఒకటి రెండు చోట్ల అడవిని కాపాడేందుకు లైనునే పక్కకు మళ్లించాలని నిర్ణయించారు. పాత కట్ట మాత్రం అడవిలోనే మిగిలిపోయింది. అనేక దేశాల్లో ఇటువంటి కట్టలు మోటారు వాహనాలు తిరగని సైకిలు బాటలుగా మారాయి. మన దేశంలో మూతపడిన కొండ లైనుకు రాసిపెట్టి ఉన్న గతి ఒక్కటే: పట్టాలు, గర్డర్లు తుక్కు కింద వేలానికి పోవడం, నేల ఖాళీ భూమిగా రికార్డులకెక్కడం. ఆ కట్టతో మరేదైనా ప్రయోజనం నెరవేరుతుందా అన్న ప్రశ్న వేలానికి ముందు వేసేవారు లేరు. వేలం తరువాత వేసినా ఫలితం ఉండదు.

వాలులో ఉన్న రహస్యం

కొండ ప్రాంతంలో సైకిలుకు అసలు శత్రువు దూరం కాదు, ఎత్తు. ఘాట్ రోడ్ల నిర్మాణంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం పర్వత ప్రాంతాల్లో సాధారణంగా పాటించవలసిన వాలు 20కి 1. అంటే కిలోమీటరు దూరంలో 50 మీటర్లు ఎక్కవలసి ఉంటుంది. తప్పనిసరి అయిన చోట ఇంతకన్నా నిటారుగా వేయడానికీ అనుమతి ఉంది. రైలింజనుకు అంత వాలు పనికిరాదు. ఇండోర్ సమీపంలోని పాతాళ్‌పానీ–కాలాకుండ్ ఘాట్ మన దేశపు మీటరుగేజి లైన్లలో కష్టమైన వాటిలో ఒకటి. అక్కడి వాలే 40కి 1. కిలోమీటరుకు 25 మీటర్ల ఎత్తు మాత్రమే. చాలా ఇతర లైన్లలో వాలు ఇంకా తక్కువ.

ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపించవచ్చు, పెడలు తొక్కేవారికి మాత్రం అది రెట్టింపు శ్రమ. జార్ఖండ్‌లోని హజారీబాగ్, రామ్‌గఢ్ ప్రాంతాల్లో బస్తాల కొద్దీ బొగ్గును సైకిలుకు కట్టి ఎగువకు నెట్టుకుపోయే కూలీలను చూసినవారికి దీన్ని వేరుగా వివరించనక్కరలేదు. సైకిలు వారికి వాహనం కాదు, బండి. ఎక్కుడు వచ్చిన చోట వారు దిగి నడుస్తారు. వాలు సగమైతే కూలీ మోసే భారం తగ్గకపోయినా, దాన్ని కొండపైకి చేర్చేందుకు పడే శ్రమ గణనీయంగా తగ్గుతుంది. నూరేళ్ల కిందటి ఇంజనీర్లు ఆవిరి ఇంజను కోసం కొండ చుట్టూ తిప్పితిప్పి తీసుకుపోయిన దారి మనిషి కాలి బలానికీ సరిపోవడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ అటువంటి దారిని ఈనాడు కొత్తగా వేయాలంటే అయ్యే ఖర్చును, నరకవలసిన చెట్లను లెక్కవేస్తే ఉన్నదాని విలువ తెలుస్తుంది.

సైకిలు ఉంది, దారి లేదు

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిలు ఉంది. మరే వాహనమూ అప్పటికి ఆ దరిదాపుల్లో లేదు. ఆ తరువాత మోటారు సైకిళ్లు వేగంగా పెరిగినా సైకిలు కనుమరుగు కాలేదు. పైగా ప్రభుత్వాలే దాన్ని పంచిపెడుతున్నాయి. బీహార్ ప్రభుత్వం 2006లో ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్ల పథకాన్ని ప్రారంభించింది. దీనిపై ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ జరిపిన అధ్యయనంలో ఆ వయసు బాలికల చేరిక 32 శాతం పెరిగినట్లు తేలింది. పశ్చిమ బెంగాల్ 2015లో చేపట్టిన ‘సబూజ్ సాథీ’ కింద పంపిణీ అయిన సైకిళ్ల సంఖ్య కోటి దాటింది.

సైకిలు ఇచ్చిన ప్రభుత్వాలు అది నడిచే దారిని మాత్రం ఇవ్వలేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా వారిలో 4,800 మందికి పైగా సైకిలుపై వెళ్తున్నవారే. సగటున రోజుకు 13 మంది. కాలినడకన వెళ్తూ మరణించినవారు 32 వేలకు పైమాటే. రోడ్లను వెడల్పు చేసిన కొద్దీ వాహనాల వేగం పెరుగుతోంది, సైకిలు రోడ్డు అంచుకు, అక్కడి నుంచి మట్టిలోకి నెట్టబడుతోంది. ఘాట్ రోడ్లపై ఆ అంచు కూడా ఉండదు. ఒక పక్క కొండ, మరో పక్క లోయ. ఎదురుగా లారీ వస్తే తప్పుకొనే చోటు లేదు.

సైకిలు బాటల గురించి మన పథకాలన్నీ నగరాల చుట్టూనే తిరుగుతున్నాయి. 2020లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రకటించిన సైకిళ్ల పోటీ నగరాలకే పరిమితం. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సౌర ఫలకాల సైకిలు బాట కూడా ఆ కోవలోనిదే. పల్లెకు, అందునా కొండ పల్లెకు, సైకిలు బాట అవసరమన్న ఆలోచన ప్రణాళికల్లో ఇంతవరకు చోటు చేసుకోలేదు.

ఇతర దేశాలు ఏం చేశాయి?

స్పెయిన్‌లో 1990ల ఆరంభానికి మూతపడిన రైలు మార్గాల పొడవు ఏడు వేల కిలోమీటర్లకు పైబడింది. 1993లో అక్కడి ప్రభుత్వం రైల్వే సంస్థలతో కలిసి వాటిని ‘పచ్చ దారులు’గా మార్చే కార్యక్రమాన్ని ప్రారంభించింది. నేడు మూడు వేల కిలోమీటర్లకు మించి ఆ దారులు నడకకు, సైకిలుకు అందుబాటులో ఉన్నాయి. జనం తగ్గిపోతున్న కొండ పల్లెల్లో పాత స్టేషన్లు భోజనశాలలుగా, బసలుగా మారాయి.

జర్మనీలోని ఆహెన్ నుంచి బెల్జియం మీదుగా లక్సెంబర్గ్ వరకు 125 కిలోమీటర్ల ‘ఫెన్‌బాన్’ బాట మరో ఉదాహరణ. ఒకప్పుడు బొగ్గు, ఇనుము మోసిన ఆ లైను దట్టమైన అడవులు, గుట్టల గుండా సాగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఆ కట్ట బెల్జియంకు దక్కింది. జర్మన్ గ్రామాల మధ్యగా పోయే చోట కూడా ఆ సన్నని కట్ట నేటికీ బెల్జియం భూభాగమే. ఇన్ని చిక్కులున్న కట్టను మూడు దేశాలు ఒక్క బాటగా నిలుపుకోగలిగాయి. అది ఎక్కడా తెగిపోకపోవడమే దాని బలం.

మనకు అన్నిటికన్నా పనికివచ్చేది అమెరికా అనుభవం. 1983లో అక్కడ జాతీయ బాటల చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం రైళ్లు నడపని లైనును రైల్వే కంపెనీ శాశ్వతంగా వదులుకోనక్కరలేదు. ఎప్పటికైనా మళ్లీ రైలు నడుపుకొనే హక్కును అట్టిపెట్టుకొని, అంతవరకు దాన్ని ప్రజల బాటగా వాడుకోనివ్వవచ్చు. పక్క భూముల యజమానులు దీన్ని సవాలు చేయగా 1990లో అక్కడి సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. నష్టపరిహారం కోరే హక్కు మాత్రం యజమానులకు ఉంటుందని పేర్కొంది. భూమిని వదులుకోవడానికి ఏ రైల్వే శాఖా ఇష్టపడదు. వదులుకోకుండానే ఉపయోగంలోకి తేవచ్చునన్నది ఈ చట్టంలోని కీలకాంశం.

నల్లమల నేర్పే పాఠం

ఈ పాఠం తెలుగువారికి మరీ దగ్గరలో ఉంది. గుంతకల్లు నుంచి బెజవాడకు 1880లలో సదరన్ మరాఠా రైల్వే వేసిన మీటరుగేజి లైను నంద్యాల దాటిన తరువాత నల్లమల కొండలను ఎక్కేది. గాజులపల్లి, దిగువమెట్ట స్టేషన్ల నడుమ లోయపై నిర్మించిన దొరబావి వంతెన ఆనాటి ఇంజనీరింగు ఘనతల్లో ఒకటి. 1990లలో గేజి మార్పిడి జరిగినప్పుడు లైనును వేరే మార్గంలో తీసుకుపోయారు. వంతెన అవసరం తీరిపోయింది. నేడు లోయలో మిగిలినవి స్తంభాలే. వాటిపై పట్టాలు మోసిన ఇనుము లేదు.

కట్టపై మొలిచిన చెట్టును తొలగించవచ్చు, కూలిన గట్టును పూడ్చవచ్చు. తీసివేసిన వంతెనను మాత్రం సైకిలు బాట కోసం ఏ ప్రభుత్వమూ తిరిగి కట్టదు. ఒక్క వంతెన పోతే దారి రెండు ముక్కలవుతుంది. ఏ ముక్కా ఎక్కడికీ చేరదు. మూతపడిన లైను విలువ దాని అఖండతలో ఉంది. ఆ అఖండత తుక్కు వేలంలో పోతున్నది. తుక్కు ధర రైల్వే ఖాతాలో జమ అవుతుంది గనుక అది కనిపిస్తుంది. పోయిన దారి విలువ ఏ ఖాతాలోనూ కనిపించదు.

పులికి విడవవలసిన చోటు

మూతపడిన ప్రతి లైనునూ సైకిలు బాట చేయాలనడం కూడా సరికాదు. మహారాష్ట్రలోని మేల్‌ఘాట్ ఇందుకు నిదర్శనం. కాచిగూడ నుంచి జైపూర్ వెళ్లే మీనాక్షి ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణించిన పాత తరం తెలుగువారికి అకోలా–ఖండ్వా లైను, ధూల్‌ఘాట్ వద్ద రైలు తన దారిని తానే దాటుతూ కొండ ఎక్కే చుట్టు గుర్తుండే ఉంటాయి. దేశంలో పులుల సంరక్షణకు తొలి విడతలో ఎంపికైన తొమ్మిది అడవుల్లో మేల్‌ఘాట్ ఒకటి. ఆ అడవి గుండా బ్రాడ్‌గేజి వేయడంపై ఏళ్ల తరబడి వివాదం నడిచింది. 2017లో ఆ భాగంలో రైళ్లు నిలిచిపోయాయి. లైనును అడవి వెలుపలి గ్రామాల మీదుగా మళ్లించాలని 2020లో అప్పటి ముఖ్యమంత్రి ఉద్ధవ్ ఠాక్రే రైల్వే శాఖను కోరారు. చివరికి మొగ్గు ఆ మార్గానికే కనిపించింది.

రైలునే పక్కకు తప్పించిన అడవిలో సైకిళ్లను అనుమతించడం అర్థరహితం. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి ప్రవేశమే అనుమతికి లోబడి ఉంటుంది. సైకిలు చప్పుడు చేయకపోవడం అడవిలో సుగుణమే కాదు, ప్రమాదం కూడా. మలుపు తిరిగే వరకు మనిషి వస్తున్నట్లు ఏనుగుకుగాని, ఎలుగుకుగాని తెలియదు. అటువంటి చోట పాత కట్టను అడవికి అప్పగించడమే న్యాయం. నల్లమలలోనూ పులుల సంచారం ఉన్న భాగాలకు ఇదే వర్తిస్తుంది. శ్రీశైలం వెళ్లే అటవీ రోడ్లపై రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 వరకు వాహనాలను నిలిపివేస్తున్న సంగతి ప్రయాణికులకు తెలిసిందే. కర్ణాటకలోని బందీపూర్‌లో 2009లో మొదలైన ఇటువంటి నిషేధం నేటికీ అమలులో ఉంది. దారిని పగలు మనిషికి, రాత్రి జంతువుకు పంచే ఈ పద్ధతి పులుల అడవి అంచున ఉండే సైకిలు బాటలకు ఆదర్శం కాగలదు.

దిమా హసావో: చేజారని అవకాశం

ఈ దృష్టితో చూస్తే దేశంలో అనువైన ప్రాంతం అస్సాంలోని దిమా హసావో జిల్లా. బరాక్ లోయను బ్రహ్మపుత్ర లోయతో కలుపుతూ అస్సాం బెంగాల్ రైల్వే వేసిన కొండ లైను ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో పూర్తయింది. అస్సాం తేయాకును చిట్టగాంగ్ రేవుకు చేర్చిన లైను ఇది. లమ్డింగ్–సిల్చర్ గేజి మార్పిడి కోసం 2014 అక్టోబరులో పాత లైనును మూసివేశారు. మరుసటి ఏడాది కొత్త బ్రాడ్‌గేజి మార్గం వచ్చింది. కొండల్లో చాలా దూరం ఇది కొత్త దారి పట్టింది. హాఫ్‌లాంగ్ పట్టణానికి కొత్త స్టేషను వేరే చోట వెలసింది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ జిల్లాలో ఉన్నది 2.14 లక్షల మంది. చదరపు కిలోమీటరుకు 44 మంది మాత్రమే. ఊళ్లు చెల్లాచెదరుగా ఉన్నాయి, రోడ్లు వానాకాలంలో తెగిపోతుంటాయి. ఈ జిల్లా రాజ్యాంగంలోని ఆరో షెడ్యూలు కింద స్వయంప్రతిపత్తి మండలి పాలనలో ఉంది. రిజర్వు అడవి కాని భూముల వినియోగం, జిల్లాలో రోడ్ల నిర్మాణం, నిర్వహణ మండలి అధికార పరిధిలోని అంశాలే. అంటే బాట కోసం ఢిల్లీలో కొత్త చట్టం చేయవలసిన పని లేదు. రైల్వేలకు, మండలికి మధ్య ఒప్పందం చాలు.

ఇక్కడా చిక్కులు లేకపోలేదు. కొండ రాష్ట్రాల్లో సైకిలు ఉన్న ఇళ్లు తక్కువ. దారి నిటారుగా ఉండటమే అందుకు ప్రధాన కారణం కాబట్టి వాలు తక్కువైన దారి వస్తే పరిస్థితి కొంత మారవచ్చు. అంతకన్నా పెద్ద సమస్య నేల స్వభావం. 2022 మే నెలలో కురిసిన కుండపోతకు కొండచరియలు విరిగి న్యూ హాఫ్‌లాంగ్ స్టేషను బురదలో కూరుకుపోయింది. పట్టాలపై నిలిచి ఉన్న రైలు పెట్టెలు సైతం కొట్టుకుపోయాయి. కాబట్టి పాత కట్టకు తారు పూయడం కన్నా దాని పక్క కాలువలను, తూములను శుభ్రంగా ఉంచడం ముఖ్యం. నీరు పోయే దారి ఉన్నంతకాలమే కొండ దారి నిలుస్తుంది.

ఖర్చు ఎవరిది, ఫలం ఎవరిది?

రైల్వేల ఖాళీ భూములను వాణిజ్యపరంగా వినియోగించేందుకు పార్లమెంటు 2005లో చట్టాన్ని సవరించి రైలు భూముల అభివృద్ధి సంస్థకు మార్గం వేసింది. నగరాల నడిబొడ్డున ఉన్న స్థలాలకు ఈ ఏర్పాటు లాభసాటి. అడవి నడుమ పది మీటర్ల వెడల్పున పోయే కట్టను కొనే వ్యాపారి ఉండడు. సరుకు టెర్మినళ్ల కోసం మార్కెట్ విలువలో 1.5 శాతం వార్షిక రుసుముపై 35 ఏళ్ల వరకు భూమిని లీజుకిచ్చే విధానాన్ని కేంద్ర మంత్రివర్గం 2022లో ఆమోదించింది. సరుకు కోసం సడలించిన నిబంధనను ప్రజల బాట కోసం సడలించడంలో అభ్యంతరం ఉండనక్కరలేదు.

అసలు బరువు నిర్మాణంలో కాక నిర్వహణలో ఉంది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2016లో ఇటావా నుంచి ఆగ్రా వరకు 207 కిలోమీటర్ల సైకిలు రహదారిని ఆర్భాటంగా ప్రారంభించింది. ఆ తరువాత అది పలుచోట్ల దెబ్బతిని, ఆక్రమణలకు లోనైనట్లు వార్తలు వెలువడ్డాయి. దారిని ఎవరు రోజూ వాడతారు, ఎవరు కాపాడతారు అన్నది తేల్చకుండా వేసిన బాటకు పట్టే గతి ఇదే. కట్ట పొడవునా ఉన్న గ్రామసభలకు కిలోమీటర్ల లెక్కన నిర్వహణ పని, అందుకు తగిన కూలి అప్పగిస్తే దారి తమదన్న పట్టుదల వారికి ఉంటుంది.

మరో జాగ్రత్త కూడా అవసరం. 2023లో సవరించిన అటవీ సంరక్షణ చట్టం పర్యావరణ పర్యాటక సౌకర్యాలకు కొన్ని మినహాయింపులిచ్చింది. ఆ తలుపు గుండా బాట పక్కనే రిసార్టులు వెలిస్తే, టిక్కెట్టు కొన్న పర్యాటకునికి గేటు తెరిచి బడికి వెళ్లే అమ్మాయికి మూసే రోజు వస్తుంది. మోటారును నిషేధించినంత మాత్రాన న్యాయం జరిగిపోదనడానికి మహారాష్ట్రలోని మాథేరాన్ సాక్ష్యం. మోటారు వాహనాలు లేని ఆ కొండపై దశాబ్దాలుగా మనుషులే మనుషులను రిక్షాల్లో లాగుతూ వచ్చారు. ఆ పద్ధతిని ఆరు నెలల్లో ఆపాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. సైకిలు బాటపై రోగిని తీసుకుపోయే వాహనానికి, వృద్ధులకు, వికలాంగులకు ముందే వెసులుబాటు కల్పించడం విజ్ఞత.

మిగిలిన వ్యవధి తక్కువ

కొన్ని లైన్లకు మరో మార్గం దొరికింది. పాతాళ్‌పానీ–కాలాకుండ్ మధ్య 2018 నుంచి, రాజస్థాన్‌లోని మార్వార్–ఖామ్లీఘాట్ మధ్య 2023 నుంచి వారసత్వ రైళ్లు నడుస్తున్నాయి. రైలు నడిచే చోట రైలు నడవడమే మేలు. రైలూ నడవక, అడవికీ చెందక, ఊళ్లను కలుపుతూ ఉన్న కట్టల గురించే ఇప్పుడు ఆలోచించవలసింది. ఇటువంటి కట్టలు దేశంలో ఎన్ని ఉన్నాయో, వాటిపై ఏ వంతెనలు నిలిచి ఉన్నాయో ఒకచోట చేర్చిన జాబితా తయారు కావాలి.

అందుకు పెద్ద మొత్తాలు అక్కరలేదు. మూతపడిన ఏ కొండ లైనులోనైనా గర్డర్లను వేలం వేయడానికి ముందు రైల్వే, అటవీ, జిల్లా అధికారులు, స్థానిక సంస్థలు కలిసి ఒకసారి దారి పొడవునా నడిచి చూడాలన్న నిబంధన చాలు. పులుల అడవిలో ఉంటే అడవికి, ఊళ్లను కలిపేదైతే ఊళ్లకు అప్పగించవచ్చు. ఏదీ తేలకపోతే తేలేవరకు వంతెనలను ముట్టుకోకుండా ఉంచవచ్చు. దొరబావి లోయలో ఒంటరిగా నిలిచిన స్తంభాలను చూసిన తరువాతనైనా రైల్వే శాఖ ఈ పాటి జాగ్రత్త వహించడం అవసరం. పట్టాలను ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. కొండను తొలిచి వేసిన దారిని మాత్రం రెండోసారి సంపాదించుకోవడం సాధ్యం కాదు.